ఇంటి ఆంప్లిఫైయర్‌కు హెడ్‌ఫోన్ తగిలించే ముందు



హైదరాబాదులో ఆబిడ్స్, నాంపల్లి, ట్రూప్ బజార్, కింగ్ కోఠి. ఈ చుట్టుపక్కల పాత కాపురాల్లో హాల్లో గోడవార ఒక షోకేసు, అందులో స్టీరియో ఆంప్లిఫైయర్, దానికి అటూ ఇటూ నడుమెత్తు స్పీకరు బాక్సులు ఉండేవి. కొందరి ఇంట్లో సోనోడైన్, కొందరి ఇంట్లో కాస్మిక్, కొందరి ఇంట్లో ఫిలిప్స్. అంత పెట్టలేనివాళ్లు కోఠిలో సామాను కొనుక్కొని, తెలిసిన మెకానిక్ చేత కట్టించుకునేవాళ్లు. ఇప్పుడు ఆ ఇళ్లల్లో చాలావాటి చోట అపార్టుమెంట్లు లేచాయి. స్పీకర్ల అంచున ఉండే ఫోము పొడిపొడిగా రాలిపోయింది. గోడకు అవతల ఇంకొకరి పడకగది. రాత్రి పదింటికి పాట పెడితే పక్కింటి పసిబిడ్డ లేస్తుంది. దాంతో ఆంప్లిఫైయర్ అటకెక్కింది.

అటకెక్కిన ఆ పెట్టె గురించే ఈ పూట నా మాట. దానికి మంచి హెడ్‌ఫోన్ తగిలించుకొని హాయిగా వినవచ్చు. అందుకోసం వేలు పోసి ప్రత్యేకంగా హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్ కొనాల్సిన అవసరం చాలామందికి ఉండదు. కాకపోతే, స్పీకరు కోసం పుట్టిన బలాన్ని చెవికి చాలినంతకు తగ్గించి ఇవ్వాలి. ఆ తగ్గించే పద్ధతి తెలిస్తే నాలుగు రెసిస్టర్ల ఖర్చుతో పని అయిపోతుంది. తెలియకపోతే హెడ్‌ఫోన్ కాలుతుంది, ఒక్కోసారి ఆంప్లిఫైయరూ కాలుతుంది. అన్నిటికంటే విలువైన చెవి దెబ్బతింటుంది. అందుకే ఈ సంగతి కాస్త నిదానంగా, మొదటి నుంచీ చెప్పుకుందాం.

రేడియో వినడమన్నది అసలు మొదలైందే హెడ్‌ఫోన్‌తో. 1920ల్లో దేశదేశాల్లో సామాన్యుల ఇళ్లకు చేరింది క్రిస్టల్ సెట్టు. అందులో బ్యాటరీ లేదు, వాల్వు లేదు, శబ్దాన్ని పెంచే సాధనం ఏదీ లేదు. ఏరియల్ పట్టిన రవ్వంత కరెంటే నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వెళ్లేది. ఆ రవ్వంతతోనే పలకాలి కాబట్టి, అప్పటి హెడ్‌ఫోన్లలో బాగా సన్నని తీగను వేల చుట్లు చుట్టి 2,000 ఓంలు, 4,000 ఓంలు వచ్చేలా తయారు చేసేవాళ్లు. ఒక్కరు వినేది ఇంటిల్లిపాదీ వినాలంటే లౌడ్‌స్పీకరు కావాలి. లౌడ్‌స్పీకరు మోగాలంటే ఆంప్లిఫైయర్ కావాలి. అంటే ఆంప్లిఫైయర్ మన ఇళ్లలోకి వచ్చింది స్పీకరు కోసం. హెడ్‌ఫోన్ దానికంటే ముందునుంచే ఉంది.

మన ఊళ్లో రేడియో పుట్టింది కూడా ఈ పేటలోనే. 1930ల తొలి రోజుల్లో ఆబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌లో మహబూబ్ అలీ అనే ఆయన ఒక చిన్న ప్రసార కేంద్రం నడిపారు. దాన్ని నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. 1935 ఫిబ్రవరి 3న డెక్కన్ రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 1950లో అది భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇవాళ ఆకాశవాణి ఉన్న సైఫాబాదు, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు పక్కనే. ఏ రేడియో స్టూడియోలోనైనా మైకు తెరిచి ఉన్నంతసేపూ స్పీకరు మోగకూడదు. మోగితే ఆ శబ్దం తిరిగి మైకులో పడి కూత పెడుతుంది. అందువల్ల ప్రసారం చేసేవాళ్లకు హెడ్‌ఫోన్ లేనిదే పని జరగదు. ఇంట్లో వినేవాళ్లు మాత్రం దాన్ని చాలాకాలం మరిచిపోయారు.

మళ్లీ గుర్తుచేసింది స్టీరియో. అమెరికాలో మిల్వాకీకి చెందిన జాన్ కాస్ 1958లో స్టీరియో సంగీతం కోసమని ఒక హెడ్‌ఫోన్ బయటికి తెచ్చారు. తర్వాత్తర్వాత ఆంప్లిఫైయర్ తయారీదార్లు ముందు పలక మీద హెడ్‌ఫోన్‌కు ఒక రంధ్రం పెట్టడం మామూలైపోయింది. అందులో పట్టే పావు అంగుళం జాక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నుంచి వచ్చినది. మన దుకాణాల్లో దాన్ని పీ-38 అంటారు. సెల్‌ఫోన్ హెడ్‌ఫోన్లకు ఉండే మూడున్నర మిల్లీమీటర్ల సన్న పిన్నును ఈపీ పిన్ అంటారు. మీ హెడ్‌ఫోన్‌కు ఈపీ పిన్ ఉండి, ఆంప్లిఫైయర్‌కు పీ-38 రంధ్రం ఉంటే మధ్యలో ఒక కన్వర్టర్ కావాలి. అది స్టీరియోదో కాదో చూసి కొనండి. మోనోది తెస్తే ఒక చెవిలోనే పాట వస్తుంది.

ఇప్పుడు బలాల లెక్క చూద్దాం. స్పీకరు కరెంటుకు పెట్టే అడ్డు, అంటే ఇంపిడెన్స్, మామూలుగా 4 నుంచి 8 ఓంలు. హెడ్‌ఫోన్లలో సెల్‌ఫోన్ల కోసం చేసినవి 16 నుంచి 32 ఓంలు ఉంటాయి. స్టూడియో రకాలు 250, 300, కొన్ని 600 ఓంల దాకా వెళతాయి. మీ ఆంప్లిఫైయర్ 8 ఓంల స్పీకరుకు 50 వాట్లు ఇవ్వగలదనుకోండి. అంటే నిండా తిప్పితే స్పీకరు టెర్మినళ్ల దగ్గర 20 వోల్టులు వస్తాయి. ఆ 20 వోల్టులనూ నేరుగా 32 ఓంల హెడ్‌ఫోన్‌కు ఇస్తే, అందులోకి పన్నెండున్నర వాట్లు దూరతాయి. కానీ మామూలు హెడ్‌ఫోన్‌కు ఒక్క మిల్లీవాటు, అంటే వాటులో వెయ్యో వంతు, ఇచ్చినా దాదాపు వంద డెసిబెల్స్ మోగుతుంది. ఎక్కువసేపు వినలేనంత పెద్ద శబ్దం అది. పన్నెండున్నర వాట్లంటే దానికి 12,500 రెట్లు. చెరువు నిండా నీళ్లున్నా నారుమడికి తూములోంచి వచ్చే సన్నటి ధారే కావాలి. కట్ట తెంపితే నారు మిగలదు.

ఆ తూము పని చేసేది రెసిస్టర్. ముందు పలక మీద ఫోన్స్ అని రాసిన రంధ్రం ఉన్న ఆంప్లిఫైయర్లలో కంపెనీవాళ్లే ఆ పని చేసి పెట్టారు. ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, మూత విప్పి చూస్తే ఆ రంధ్రం వెనక రెండు రెసిస్టర్లు కనిపిస్తాయి, ఎడమకొకటి, కుడికొకటి. స్పీకరుకు వెళ్లే లైనులోంచే ఒక పాయ తీసి, ఈ రెసిస్టర్ మీదుగా జాక్‌కు ఇస్తారు. నారింజ, నారింజ, గోధుమ రంగు పట్టీలుంటే అది 330 ఓంలు. కొన్నిటిలో 220, కొన్నిటిలో 470 కూడా ఉంటాయి. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ తన ప్రమాణంలో 120 ఓంలు సూచించింది. చాలా సెట్లలో హెడ్‌ఫోన్ పిన్ను లోపలికి దూరగానే స్పీకర్లు ఆగిపోయేలా ఆ జాక్‌లోనే ఒక స్విచ్చి ఉంటుంది. కొన్నిటిలో స్పీకర్ల బటన్ వేరే నొక్కాలి.

దీని గొప్పతనం చూడండి. అదే 50 వాట్ల ఆంప్లిఫైయర్, అదే నిండు వాల్యూం, మధ్యలో 330 ఓంలు. 32 ఓంల హెడ్‌ఫోన్‌కు ఇప్పుడు అందేది వాటులో పదో వంతుకు మించదు. 300 ఓంల హెడ్‌ఫోన్‌కు వాటులో మూడో వంతు దాకా అందుతుంది. ఎక్కువ వోల్టేజీ అడిగే పెద్ద హెడ్‌ఫోన్‌కు ఎక్కువ, తక్కువతో సరిపెట్టుకునే చిన్నదానికి తక్కువ. సెల్‌ఫోన్‌తో ఎంత తిప్పినా గొంతు పెగలని 300 ఓంల హెడ్‌ఫోన్, ముప్పై ఏళ్ల కిందటి ఆంప్లిఫైయర్‌కు పెట్టగానే గలగలా పలకడానికి కారణం ఇదే. ఆ ఆంప్లిఫైయర్‌కు వోల్టులు కరువు లేదు. ఇంట్లో అలాంటి సెట్టు, అలాంటి హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లు ఇంకేమీ చేయనక్కర్లేదు. పిన్ను పెట్టుకొని వినడమే.

చిక్కు వచ్చేది ఇప్పటి 32 ఓంల హెడ్‌ఫోన్లతో. 32 ఓంలు అని డబ్బా మీద రాస్తారు కానీ అన్ని స్వరాల దగ్గరా అది 32 గానే ఉండదు. మామూలు డైనమిక్ హెడ్‌ఫోన్లలో చాలావాటికి మంద్ర స్థాయిలో, దాదాపు వంద హెర్ట్జ్ చుట్టుపక్కల, ఆ అడ్డు పెరుగుతుంది. అక్కడ రెట్టింపై 64 అయిందనుకోండి. ముందున్న 330 ఓంల రెసిస్టర్‌తో కలిపి పంపకం జరిగేటప్పుడు ఆ మంద్ర స్వరాల వాటా పెరిగిపోతుంది. లెక్క వేస్తే అయిదు డెసిబెల్స్ పైచిలుకు తేడా. చెవికి ఎలా తెలుస్తుందంటే, పాత పాటలో తబలా పక్కన డగ్గా ఉంటుంది కదా, ఆ దెబ్బ ఉబ్బిపోతుంది. ఆగాల్సిన చోట ఆగకుండా సాగుతుంది. మృదంగంలో ఎడమవైపు నాదం గాయకుడి గొంతును కమ్మేస్తుంది. వినేవాళ్లు ఆంప్లిఫైయర్ పాతదైపోయిందనో, హెడ్‌ఫోన్ మంచిది కాదనో అనుకుంటారు. రెండూ మంచివే. వాటి మధ్య పొత్తు కుదరలేదు, అంతే.

ఈ పొత్తుకు వాడుకలో ఒక సూత్రం ఉంది. హెడ్‌ఫోన్‌కు ఎన్ని ఓంలు ఉన్నాయో, దానికి శబ్దం అందించే వైపు అందులో ఎనిమిదో వంతుకు మించకుండా ఉంటే మంచిది. 300 ఓంల హెడ్‌ఫోన్‌కు 330 ఓంల రెసిస్టర్ కూడా ఈ సూత్రానికి దూరమే. కానీ అక్కడ మంద్రంలో తేడా ఇందాకటి అయిదు డెసిబెల్స్‌లో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. కొందరికి ఆ కాస్త నిండుదనం నచ్చుతుంది కూడా. ప్లానార్ మాగ్నెటిక్ అనే రకం హెడ్‌ఫోన్లలో మాత్రం ఈ గొడవ లేదు. వాటి అడ్డు అన్ని స్వరాల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, ముందు ఎంత రెసిస్టర్ ఉన్నా శబ్దం తగ్గుతుందే గాని స్వరూపం మారదు.

32 ఓంల హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లకు మార్గం ఏమిటి? రంధ్రం వదిలేసి, వెనక స్పీకరు టెర్మినళ్ల నుంచి ఒక చిన్న డబ్బా కట్టుకోవడం. సోల్డరింగ్ తెలిసినవాళ్లకు గంట పని. తెలియనివాళ్లు మెకానిక్‌కు చెప్పి చేయించుకోవచ్చు. కావలసిన సామాను ఆబిడ్స్ నుంచి నడిచి వెళ్లే దూరంలో, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఎదురుగా మనిషి వస్తే పక్కకు ఒదగాల్సిన సందు. కౌంటరు వెనక గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. అక్కడ మాట దక్కనీలో నడుస్తుంది. "సౌ ఓం, పాంచ్ వాట్ సిమెంట్, దో. దస్ ఓం, ఏక్ వాట్, దో. పీ-38 స్టీరియో ఫీమేల్, ఏక్." అంతే, చీటీ అక్కర్లేదు. వాట్లు మాత్రం చెప్పాలి. చెప్పకపోతే పావు వాటు రెసిస్టర్ చేతికొస్తుంది. అది ఈ పనికి ఆగదు. సిమెంట్ రెసిస్టర్ తెల్లటి దీర్ఘచతురస్రపు ముక్క. దాని మీద విలువ అంకెల్లోనే ముద్రించి ఉంటుంది. పది ఓంలది గుండ్రటిది. గోధుమ, నలుపు, నలుపు పట్టీలు చూసుకోండి. మూడో పట్టీ గోధుమ అయితే అది వంద ఓంలు. ఇంటికి వచ్చాక అలాంటి పొరపాటు పట్టుకోవడం కష్టం కాబట్టి కౌంటరు దగ్గరే వెలుతురులో చూడండి.

కలిపే తీరు చెబుతాను. కాగితం ఉంటే రాసుకోండి. ఎడమ స్పీకరు ఎర్ర టెర్మినల్ నుంచి వచ్చే తీగకు వంద ఓంల సిమెంట్ రెసిస్టర్. దాని రెండో కొస జాక్‌లో ఎడమ కాలికి. పిన్ను కొసన ఉండే భాగం ఎడమ చానల్, మధ్యలో ఉంగరం కుడి చానల్, మొదట్లో ఉండేది రెండింటికీ ఉమ్మడి. ఇప్పుడు ఎడమ కాలికీ ఉమ్మడి కాలికీ మధ్య పది ఓంల రెసిస్టర్. కుడివైపు కూడా అచ్చంగా ఇంతే. రెండు నల్ల టెర్మినళ్ల తీగలూ ఉమ్మడి కాలికి. గాలి ఆడే ఒక చిన్న డబ్బాలో బిగించండి, పెద్దగా మోగిస్తే సిమెంట్ ముక్కలు వేడెక్కుతాయి. దీంతో హెడ్‌ఫోన్‌కు ఎదురుగా కనిపించేది 330 ఓంలు పోయి సుమారు 9 ఓంలవుతుంది. ఇందాక డగ్గాలో వచ్చిన అయిదు డెసిబెల్స్ ఉబ్బు ఒక్క డెసిబెల్‌కు దిగుతుంది. దెబ్బ పడ్డచోట పడి, ఆగినచోట ఆగుతుంది.

ఈ డబ్బాతో ఇంకో రెండు మేళ్లు ఉన్నాయి. ఏ ఆంప్లిఫైయర్‌లోనైనా లోపల కొంత గుర్రు, కొంత సుయ్ మనే చప్పుడు ఉంటాయి. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు దాటాక అది వంద హెర్ట్జ్ గుర్రుగా మిగులుతుంది. స్పీకరు ఆరడుగుల దూరంలో ఉంటే వినపడదు. హెడ్‌ఫోన్ చెవికే ఆనుకొని ఉంటుంది, పైగా రవ్వంత కరెంటుకే పలుకుతుంది కాబట్టి బాగా వినపడుతుంది. మన డబ్బా పాటను తగ్గించినట్టే ఈ చప్పుడునూ దాదాపు పద్నాలుగో వంతుకు తగ్గిస్తుంది. రెండో మేలు వాల్యూం దగ్గర. ఎడమకూ కుడికీ కలిపి ఉండే జంట వాల్యూం కంట్రోళ్లు మొదటి తిప్పులో సమంగా నడవవు. ఒక చెవిలో పాట ముందు వస్తుంది, రెండో చెవిలో ఆలస్యంగా. శబ్దాన్ని డబ్బా తగ్గించింది కాబట్టి, ఇప్పుడు మీటను సగం దాకా తిప్పుకొని వినవచ్చు. అక్కడ రెండు వైపులూ సరిసమానంగా ఉంటాయి.

ఇక జాగ్రత్తలు. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా ఇది మరవకండి.

హెడ్‌ఫోన్‌కు మూడే తీగల దారి. ఎడమ, కుడి, ఉమ్మడి. అంటే పిన్ను పెట్టగానే రెండు చానళ్ల నల్ల టెర్మినళ్లూ ఒకటైపోతాయి. పాత పద్ధతి ఆంప్లిఫైయర్లలో ఆ నల్ల టెర్మినళ్లు రెండూ గ్రౌండే కాబట్టి ఇబ్బంది లేదు. బ్రిడ్జ్ పద్ధతిలో కట్టినవాటిలో మాత్రం నల్ల టెర్మినల్ కూడా కరెంటు పంపే వైపే. అక్కడ రెండూ కలిపితే షార్ట్. ఐసీ కాలిపోతుంది. మన దుకాణాల్లో అగ్గిపెట్టెంత బ్లూటూత్ ఆంప్లిఫైయర్ బోర్డులు అమ్ముతారు కదా, వాటిలో వచ్చే పీఏఎం 8403 లాంటి చిప్‌లు బ్రిడ్జ్ పద్ధతివే. కారు స్టీరియోలు చాలావరకు అంతే. మెకానిక్‌లకు ఎంతో ఇష్టమైన 4440 ఐసీని రెండు విధాలా కట్టవచ్చు. స్టీరియోగా కడితే చానల్‌కు 6 వాట్లు, బ్రిడ్జ్‌గా కడితే ఒకే చానల్‌లో 19 వాట్లు. రెండు 4440లు పెట్టి కట్టిన సెట్టయితే అది బ్రిడ్జ్ అయ్యే అవకాశం ఉందని గుర్తుపెట్టుకోండి.

పరీక్ష సులువు. కరెంటు తీసేసి, మల్టీమీటర్‌ను బీప్ దగ్గర పెట్టండి. ఒక కొనను ఇన్‌పుట్ సాకెట్ బయటి రింగుకు, రెండో కొనను ఒక నల్ల టెర్మినల్‌కు తాకించండి. తర్వాత రెండో నల్ల టెర్మినల్‌కు. రెండు చోట్లా బీప్ వస్తే అవి గ్రౌండే. రాకపోతే ఆ ఆంప్లిఫైయర్‌కు ఈ డబ్బా పెట్టకండి.

రెండో పరీక్ష డీసీది. ఆంప్లిఫైయర్ వేసి, వాల్యూం సున్నాలో ఉంచి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, ఎర్ర, నల్ల టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీ చూడండి. కొన్ని పదుల మిల్లీవోల్టులలోపు ఉంటే బాగున్నట్టు. వోల్టులలో చూపిస్తే లోపల ట్రాన్సిస్టరో ఇంకేదో పోయినట్టు. ముందు రిపేరు, తర్వాతే హెడ్‌ఫోన్.

గుళ్లలో, ఫంక్షన్ హాళ్లలో వాడే మైకు సెట్టు ఆంప్లిఫైయర్ల వెనక వంద వోల్టుల లైన్ అనే టెర్మినల్ ఉంటుంది. అది దూరదూరంగా ఉన్న హారన్ల కోసం. దాని జోలికి హెడ్‌ఫోన్ తీసుకెళ్లకండి. తాతల నాటి వాల్వు ఆంప్లిఫైయర్ ఉన్నవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. స్పీకరు స్థానంలో ఏ లోడూ లేకుండా దాన్ని మోగిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినవచ్చు. దానికి స్పీకరు బదులు 8 ఓంల పెద్ద వాటేజీ రెసిస్టర్ కట్టి, ఆ తర్వాతే మన డబ్బా కలపాలి. ఆ పని వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్ చేతిలోనే పెట్టండి. వాల్వు సెట్టులో వందల వోల్టులు ఉంటాయి.

స్పీకరు టెర్మినళ్ల నుంచే నేరుగా నడిచే హెడ్‌ఫోన్లు లేవా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. వియన్నాలో పుట్టిన ఏకేజీ కంపెనీ కే 1000 అనే 120 ఓంల హెడ్‌ఫోన్‌ను అలా వాడడానికే చేసింది. జపాన్‌లో స్టాక్స్ కంపెనీ తన ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ల కోసం స్పీకరు టెర్మినళ్లకు తగిలించే అడాప్టర్ పెట్టెలు అమ్మింది. వాటి నిర్మాణం వేరు, అవసరం వేరు. వాటిని చూసి మామూలు హెడ్‌ఫోన్‌ను నేరుగా తగిలించవద్దు.

వాడకంలో రెండు మంచి అలవాట్లు చేసుకోండి. ముందు ఆంప్లిఫైయర్ వేయండి, అది ధబ్ మని సర్దుకున్నాక, వాల్యూం సున్నాలో పెట్టి, అప్పుడు హెడ్‌ఫోన్ తగిలించండి. ఆ తర్వాత తలకు పెట్టుకొని మెల్లగా పెంచండి. ట్యూనర్‌లో రెయిన్‌బో 101.9 గానీ వివిధ భారతి 102.8 గానీ వింటున్నప్పుడు వెనక సుయ్ మనే శబ్దం ఎక్కువగా ఉంటే, మోనో బటన్ నొక్కి చూడండి. ఎఫ్ఎం స్టీరియోలో, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఆ శబ్దం సహజం. మోనోలో చాలావరకు పోతుంది. ఎలాగూ మన పాత సినిమా పాటలు చాలావరకు మోనోలో రికార్డు చేసినవే, వాటిలో పోగొట్టుకునేది ఏమీ లేదు.

చెవి విషయం చెప్పకుండా ముగించలేను. స్పీకరు ఎక్కువైతే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. హెడ్‌ఫోన్ ఎక్కువైతే ఆపమనేవాళ్లు ఎవరూ ఉండరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే వారానికి 4 గంటలే. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగిన సమయం సగమైపోతుంది. ఇంటి ఆంప్లిఫైయర్ సెల్‌ఫోన్‌లా ఎక్కువైందని హెచ్చరించదు. దాని దగ్గర బలం ఎప్పుడూ మిగిలే ఉంటుంది. మనిషి పిలిస్తే వినపడేంతలో ఆపుకోండి. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు మరీ జాగ్రత్త. చెవిలో గింగురుమంటే ఆ రోజుకు చాలించండి. చెవి లోపలి సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు.

చట్టం మాట కూడా ఒకటుంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. ఇరుకు సందుల్లో, పక్కపక్కనే ఉన్న ఫ్లాట్లలో స్పీకరు మీద ఆ హద్దులో పాట వింటే పల్లవి వినపడదు. పగలంతా బండ్ల హారన్లతో మోగే ఆబిడ్స్‌లో, నాంపల్లి స్టేషన్ రోడ్డులో బతికేవాళ్లకు సంగీతం నిమ్మళంగా దొరికేది ఆ రాత్రి పూటే. పగలు దుకాణంలో నిలబడి వచ్చినవాళ్లకు, పరీక్షలకు చదివే పిల్లలున్న ఇంటి పెద్దలకు, నిద్రపట్టని వృద్ధులకు హెడ్‌ఫోన్ పెద్ద ఊరట. ఆ ఊరట డబ్బున్నవాళ్లకే దక్కాలని ఎక్కడా లేదు.

అందుకే నా మనవి ఇది. మీ దగ్గర పరిమితంగా డబ్బుంటే దాన్ని హెడ్‌ఫోన్ మీద పెట్టండి. వినే శబ్దాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది అదే. ఆంప్లిఫైయర్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంది. దాన్ని అటక మీద నుంచి దించి, దుమ్ము తుడిచి, బాగుచేయడం వచ్చిన మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. ట్రూప్ బజార్‌లో, కోఠిలో అలాంటి చేతులు ఇంకా ఉన్నాయి. పని అడిగేవాళ్లు ఉంటేనే ఆ విద్య నిలుస్తుంది. వీలైతే ఇంట్లో పదో తరగతో ఇంటరో చదివే పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లండి. ఓమ్స్ లా పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్న పిల్లలు, అదే సూత్రం చేతిలో ఒక వంద ఓంల ముక్కగా మారి, తమ చెవిలో ఒక పాటను సరిచేయడం చూడాలి. నల్ల టెర్మినళ్ల పరీక్ష వాళ్ల చేతే చేయించండి. బీప్ వచ్చాకే తీగలు కలపండి.